నాలుగో పట్టిక

తొమ్మిదో అంశం వచ్చినప్పుడు పిలుస్తాం, అంతవరకూ ఇక్కడ కూర్చోండి మేడమ్ అని అటెండరు తలుపు వేశాడు. నా మొహం మీద వేసినట్టు ఉండకూడదని చివరి జానెడు దూరం చేత్తో పట్టుకుని మెల్లగా వేశాడు, పాపం, మర్యాదస్తుడు. కౌన్సిలు మూడింటికి మొదలైంది, ఇప్పుడు మూడూ పది, నన్ను పిలిచేసరికి నాలుగవుతుంది. అంటే ఈ చెక్క బల్ల మీద, పాత వైస్ ఛాన్సలర్ల ఫొటోల కింద యాభై నిమిషాలు. పదమూడు ఫొటోలు, పదమూడు మంది మగవాళ్ళు, తొమ్మిది కళ్ళజోళ్ళు. లెక్కపెట్టడం నా జబ్బు. ఒళ్ళో ఫైలుంది, అందులో రెండు కాగితాలున్నాయి. ఒకటి వీసీ గారి ఆఫీసువాళ్ళు నా కోసం రాసిపెట్టిన మూడు నిమిషాల ఉపన్యాసం, మన విశ్వవిద్యాలయం అందరిదీ అని మొదలై అందరికీ కృతజ్ఞతలతో ముగుస్తుంది. రెండోది ఈ పొద్దున నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాసుకున్న ఉత్తరం, పన్నెండు వాక్యాలు. లోపలికి వెళ్ళాక ఈ రెండింటిలో ఒకటే చదవగలను. ఉపన్యాసం చదివితే నా నివేదికను ఆమోదిస్తారు, వచ్చే నెల బయటినుంచి పరిశీలకులు వచ్చి మాకు సమానత్వ గుర్తింపు పత్రం ఇచ్చిపోతారు, ఈ గోడ మీదే ఎక్కడో దాన్ని తగిలిస్తారు. ఉత్తరం చదివితే నివేదిక వెనక్కి పోతుంది, దానితోపాటు నేనూ పోతాను, కానీ ఒక మనిషి ఉద్యోగం మిగలవచ్చు. మిగులుతుంది అనడం లేదు, మిగలవచ్చు అంటున్నాను. ఇన్నేళ్ళూ సంభావ్యత పాఠం చెప్పినదాన్ని, ఆ తేడా నాకు తెలుసు.

ఆ మనిషి పేరు లోపల ఏడో అంశంలో ఉండాలి. ల్యాబుల్లో ఒప్పందం మీద పనిచేసేవాళ్ళ పొడిగింపు జాబితా అది. ఏటా పదహారు పేర్లు, ఎవరూ చదవకుండానే ఆమోదిస్తారు. ఈ ఏడు పదిహేనే ఉన్నాయి. పదహారోది కెమిస్ట్రీ ల్యాబులో ఆరేళ్ళుగా గాజుసామాను, సీసాలు, త్రాసులు చూసుకునే ఆవిడ పేరు. వెనకాల అందరూ మహారాణి అంటారు. ఆ పేరు ఎగిరిపోవడానికి కారణం ఆమె హెడ్డు కాదు, రిజిస్ట్రారు కాదు, నేను. ఈ మాట నాతో నేను అనుకోవడానికి మూడు వారాలు పట్టింది. మొదటి వారం వ్యవస్థ తప్పు అనుకున్నాను, రెండో వారం పొరపాటు జరిగింది అనుకున్నాను, ఎవరు చేశారో చెప్పనక్కర్లేకుండా ఎంత చక్కగా జరిగిపోతుందో ఆ పొరపాటు. మూడో వారంలో ఒకరోజు పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసుకుంటే తప్పించుకునే మాటలన్నీ అయిపోయాయి.

వ్యవస్థ. ఈ మాట నా నోటికి ఎప్పుడు అంటుకుందో. పంతొమ్మిదేళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పినంతకాలం సగటు, విచలనం, పట్టిక అనేదాన్ని, ఎదుట కూర్చున్నవాళ్ళు ఆవలించేవాళ్ళు, అందులో ఒక నిజాయితీ ఉండేది. మూడేళ్ళ క్రితం వీసీ గారు పిలిచి, సమానత్వ విభాగానికి మీరే అధిపతిగా ఉండాలమ్మా, మీరైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు అన్నారు. పొగడ్త అనుకుని గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళి చెబితే, మావారు పేపరు మడిచి పక్కన పెట్టి, ఎవరికీ అభ్యంతరం లేదంటే నువ్వు ఎవరినీ ఏమీ అనవని కదటే అన్నారు. ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. అప్పటినుంచి ఇంట్లో నా పేరు సమానత్వం గారు. సమానత్వం గారూ, ఉప్పంతా నా కంచంలోనే పడిందండీ అంటారు, దుప్పటి లాక్కుంటే సమానత్వం గారూ అంటారు. నాకు ఇచ్చిన గది అంతకుముందు జిరాక్సు మిషనుది, మెట్ల కింద, ఎవరు పైకెక్కినా నెత్తిమీద నడిచినట్టు ఉంటుంది. బోర్డు మీద సమానత్వం, వైవిధ్యం, సమ్మిళితత్వం అని మూడూ రాయమంటే పెయింటరు టేపు పెట్టి కొలిచి, ఇంత పట్టదు మేడమ్, ఒకటి తీసెయ్యండి అన్నాడు. ఏది తీసెయ్యాలో తేల్చడానికి కమిటీ రెండుసార్లు కూర్చుంది, టీ తాగింది, లేచింది, బోర్డు ఇప్పటికీ ఖాళీ. ర్యాంపు కట్టించారు, దాని పైనున్న తలుపు బయటికి తెరుచుకుంటుంది, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళు తలుపు లాగాలంటే మళ్ళీ కిందికి జారాలి. నాలుగు ఉత్తరాలు రాశాను. ఫొటో మాత్రం బాగా వచ్చింది, నా నివేదిక అట్ట మీద అదే. అయినా ఈ పని నాకు ఇష్టం, ఇష్టమంటే మామూలు ఇష్టం కాదు. ఎవరో ఒకరు వచ్చి తలుపు వేసుకుని, ఎవరితోనూ అనకండి అంటూ మొదలుపెట్టే ఆ క్షణం కోసం ఆ ఇంకు వాసనలో కూర్చునేదాన్ని.

లోపల ఎవరో నవ్వారు, వెంటనే నలుగురైదుగురు నవ్వారు, అంటే మొదట నవ్వినవారు వీసీ గారు. ఎన్నో అంశంలో ఉన్నారో. అటెండరు తలుపు పక్క స్టూలు మీద అజెండా ప్రతిని మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో అంశం అయ్యేకొద్దీ పెన్సిలుతో టిక్కు పెడుతున్నాడు. ఎంతవరకు వచ్చిందని కళ్ళతో అడిగితే మూడు వేళ్ళు చూపించాడు. నేలకి వేసిన ఫినాయిలు ఇంకా ఆరలేదు, ముక్కులో మంట. ఆ కెమిస్ట్రీ ల్యాబు ఆవిడ నా గదికి మొదటిసారి వచ్చిన రోజు కూడా ఇలాంటి మధ్యాహ్నమే. సర్వే పెట్టిన వారం అది. అందరికీ ఫారం పంపాం, మీరు ఆడా మగా, ఏ శాఖ, ఏ రకం ఉద్యోగం, మీకు వైకల్యం ఏదైనా ఉందా, ఇక్కడ ఎప్పుడైనా అవమానపడ్డారా. మా న్యాయ సలహాదారు ఫారం మీద మూడు పేరాల హామీ రాసిచ్చాడు, అది చదివితే ఎవరికైనా భయం వేస్తుంది, కొట్టేసి నేనే ఒక్క వాక్యం రాశాను, మీరెవరో ఎవరికీ తెలియదు అని. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందో. ఆమె ఆ ఫారం కాగితం పట్టుకుని వచ్చింది. కూర్చోమంటే కుర్చీని కాస్త పక్కకి తిప్పుకుని కూర్చుంది, ఇదేం తీరమ్మా అనుకున్నాను, నేను కూడా. ఆ వాక్యం మీద వేలు పెట్టి, నా పెదాలకేసి చూస్తూ అడిగింది.

"నిజంగా ఎవరికీ తెలీదా మేడమ్?"

"నాక్కూడా తెలీదు" అన్నాను, ధీమాగా.

తల ఊపి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కెమిస్ట్రీ నుంచి వచ్చిన ఫారాల్లో ఆమెది ఉంది. పేరు లేదు, కానీ చదవగానే తెలిసింది, నాకు తెలియదన్న మాట అలా మొదటిరోజే అబద్ధమైంది.

మహారాణి అన్న పేరు ఎందుకు వచ్చిందంటే పిలిస్తే పలకదు. వెనకనుంచి ఎంత పిలిచినా తల తిప్పదు, ఎదురుగా వచ్చి నిలబడితేనే చూస్తుంది, చూసినా నవ్వదు, జవాబు రెండు మూడు మాటల్లో ముగిస్తుంది. పొగరు అన్నారు. కెమిస్ట్రీ హెడ్డు క్లాసు మధ్యలో, మహారాణి గారికి విన్నపం, బీకర్లు దయచేయించాలి అని ఆమె వీపుకేసి చేతులు జోడించేవాడు, పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. మాటలు ఆమెకి వినపడేవి కావు, కానీ తిరిగి చూస్తే నవ్వే మొహాలు కనపడతాయి కదా. ఆరేళ్ళు. ఒక్క మాట చెబితే సరిపోయేది, నాకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగమే, జుట్టు కింద మిషను ఉంది అని. చెప్పలేదు. అంతకుముందు పనిచేసిన రెండు చోట్ల చెప్పిందట, రెండు చోట్లా అయ్యో అని, కాఫీ ఇచ్చి, ఇంటికి పంపారు. పొగరుబోతుకి ఉద్యోగం ఉంటుంది, చెవిటిదానికి ఉండదు అని లెక్క చూసుకుని, పొగరుబోతన్న పేరు తనే నెత్తికెత్తుకుంది. ఈ లెక్కలో తప్పెక్కడుందో నేను చూపించలేను. ఈ ఆరేళ్ళలో మొదటిసారి ఎవరికీ తెలియదన్న నా మాట పట్టుకుని, వైకల్యం ఉందా అన్న చోట ఉంది అని, అవమానపడ్డారా అన్న చోట అవును అని రాసింది. కింద ఖాళీలో ఒక వాక్యం, నన్ను పిలిచి చూసి నవ్వుతారు.

ఇక నాలుగో పట్టిక. దీని దగ్గరికి వచ్చేసరికి మనసు ఎప్పుడూ పక్కదారి పడుతుంది, ఫొటోల కేసి, గోడగడియారం కేసి, నా చెప్పు పట్టీ తెగేట్టు ఉందే అన్న ఆలోచన కేసి. వద్దు, ఈసారి చూడు. మాది చిన్న విశ్వవిద్యాలయం, మొత్తం సిబ్బంది నాలుగు వందలు కూడా లేరు. ఇంత చిన్నచోట శాఖలవారీగా, ఉద్యోగాలవారీగా, ఆడామగా వారీగా విడగొట్టుకుంటూ పోతే చివరికి ఒక్కో గడిలో ఒక్కో మనిషి మిగులుతారు. అందుకే ఐదుగురికన్నా తక్కువ ఉన్న గడిలో అంకె వేయకూడదు, చుక్క పెట్టి వదిలేయాలి. ఇది నేను ఎక్కడో చదివిన విషయం కాదు, పంతొమ్మిదేళ్ళు బోర్డు మీద రాసిన విషయం, పరీక్షలో ఇచ్చి, రాయనివాళ్ళకి మార్కులు కోసిన విషయం. మొదటి ప్రతిలో చుక్కే పెట్టాను. తర్వాత నివేదిక మొత్తం ఒకసారి చదివాను. పదకొండు శాతం, పద్నాలుగు శాతం, తొమ్మిది శాతం. వీసీ గారు పేజీలు తిప్పేస్తూ, పర్లేదమ్మా, మనం బాగానే ఉన్నాం అనడం నాకు అక్కడే వినపడింది. నాకు ఒళ్ళు మండింది. ఒకరిలో ఒకరు అని రాస్తే ఎవరు తలెత్తుతారు? నూరు శాతం అని రాస్తే తలెత్తుతారు. కెమిస్ట్రీ, సాంకేతిక సిబ్బంది, మహిళలు, వైకల్యం ఉన్నవారు, అవమానం ఎదుర్కొన్నవారు నూరు శాతం. చుక్క తీసేసి అంకె కొట్టాను. కొట్టి, కుర్చీలో వెనక్కి వాలి, చూసుకున్నాను. సంతోషంగా ఉండింది. చెప్పక తప్పదు, చాలా సంతోషంగా ఉండింది, ఎన్నాళ్ళకో నా చేతికి ఒక కర్ర దొరికినట్టు. ఆ కర్ర ఒక మనిషి అని నాకు ఆ క్షణంలోనూ తెలుసు.

ఆ శాఖలో సాంకేతిక సిబ్బంది ముగ్గురు, అందులో ఆడమనిషి ఒకతే. నివేదిక ప్రతి శాఖకి వెళ్ళిన రోజే స్టాఫ్ రూములో ఎవరో ఆ వరస గట్టిగా చదివారట, పిలిస్తే పలకకపోవడం చెవివల్లేనని అందరికీ తట్టిందట. మర్నాటినుంచి అందరూ ఆమె పట్ల ఎంతో మంచివాళ్ళయిపోయారు. అయ్యో, ముందే చెప్పాల్సింది కదమ్మా అన్నారు, ఒక్కో అక్షరం సాగదీసి, చేతులు ఊపుతూ, అరుస్తూ మాట్లాడారు. మహారాణి అన్న మాట ఆ శాఖలో మళ్ళీ వినపడలేదు. పది రోజులకి రిజిస్ట్రారుకి హెడ్డు రాసిన కాగితం వెళ్ళింది, ప్రమాద ఘంట వినపడని మనిషిని రసాయనాల మధ్య ఉంచడం ఆమె క్షేమానికే ముప్పు అని. క్షేమం, గౌరవం, అవసరాలను గుర్తించడం, అన్నీ నేను శిక్షణ తరగతుల్లో నేర్పిన మాటలే, ఒక్క తప్పు లేకుండా వాడాడు.

అక్క ఉంటే ఏమనేదో. ఉంటే అంటున్నాను, ఉంది, రెండు వీధుల అవతలే ఉంది, కానీ ఈ సంగతి నేను చెప్పలేదు. అక్కకి చిన్నప్పుడు నత్తి. ఇంటికి ఎవరొచ్చి నీ పేరేంటమ్మా అని అడిగినా మొదటి అక్షరం దగ్గర ఆగిపోయేది, మెడ నరాలు ఉబ్బేవి, చూడలేక నేను చెప్పేసేదాన్ని, పేరు, క్లాసు, మార్కులు, అక్కకి లడ్డూ ఇష్టం లేదు, అక్కకి ఎర్ర గౌను కావాలి. నాన్న నన్ను ఎత్తుకుని దీన్ని చూడండి, అక్క నోరిది అని మురిసిపోయేవాడు. నాకు ఏడేళ్ళు, అంతకన్నా గొప్ప బిరుదు ఆ తర్వాత ఏదీ రాలేదు. నలభై ఏళ్ళు దాటాక ఒక పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని ఉండగా, ఎవరో అక్కని ఏదో అడిగితే అలవాటుగా నేను జవాబిచ్చాను. అక్క నా మోచేయి పట్టుకుంది, కోపంగా కాదు, ఎప్పటినుంచో అడగాలనుకున్నది అడుగుతున్నట్టు, "నువ్వు కాస్త ఆగి ఉంటే నేను చెప్పేదాన్నేమోనే" అంది. నత్తి లేకుండా అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను. అందరి గొంతుకా అవుతానని గది తెరుచుకుని కూర్చున్నదాన్ని, ఆ మాట ఎందుకు గుర్తుపెట్టుకోలేదు?

తలుపు తెరుచుకుంది, లేవబోయాను, నన్ను కాదు. కెమిస్ట్రీ హెడ్డు, కౌన్సిల్లో సభ్యుడు, ఫోను చెవిన పెట్టుకుని బయటికి వచ్చాడు, వస్తున్నాను, నాలుగున్నరకల్లా వస్తాను అని ఎవరికో చెప్పి పెట్టేసి, నన్ను చూసి మొహం ఇంత చేసుకుని దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా పని తేలిగ్గా ఉండేది. ఆయన తల్లికి మంచం మీదే అన్నీ ఆయనే చేస్తాడు.

"మీకు థాంక్స్ చెప్పాలి మేడమ్. మీ రిపోర్టు లేకపోతే మాకసలు తెలిసేదే కాదు. పాపం, ఆ అమ్మాయిని ఎన్నేళ్ళు అపార్థం చేసుకున్నామో."

జాబితాలో ఆమె పేరు లేదు కదండీ అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినపడింది.

"అది ఆమె మంచికే కదా. రేపేదన్నా అయితే ఎవరు సమాధానం చెప్తారు? మీరే చెప్పండి."

నేను ఏం చెప్పాను? ఒళ్ళో ఫైలు సర్దుకున్నాను. ఆరేళ్ళలో ఆ ల్యాబులో ఒక్క ప్రమాదం లేదని, ఎందుకంటే వినపడనిదాన్నని ఆమె ప్రతి మంటనీ ప్రతి మూతనీ రెండుసార్లు చూస్తుందని, ఘంటకి ఒక ఎర్ర దీపం కలిపితే సరిపోతుందని చెప్పాలి. అన్నీ ఉత్తరంలో రాశాను కదా, లోపల చదువుతాను కదా అనుకున్నాను. ఆయన నా భుజం దగ్గర గాలిని తట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఉత్తరంలో ఇదీ ఉంది. నాలుగో పట్టిక ఒక ఉద్యోగినిని బయటపెట్టింది, అలా బయటపడుతుందని తెలిసే నేను వేశాను, రహస్యమన్న హామీ మీద చెప్పిన విషయాన్ని ఆమెకి వ్యతిరేకంగా వాడకూడదు, నివేదిక వెనక్కి తీసుకోండి, ఏడో అంశాన్ని మళ్ళీ తెరవండి. నిబంధనల పుస్తకం చూశాను, సమావేశం ముగిసేలోగా ఏ అంశాన్నైనా మళ్ళీ తెరవవచ్చు. ముగిస్తే నాలుగు నెలలు ఆగాలి, ఆమె ఒప్పందం ఈ నెలాఖరుకి తీరిపోతుంది. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఇంక ఆలోచన ఎందుకు? ఎందుకంటే ఆమె వద్దంది. నివేదిక వచ్చిన వారం నా గదికి వచ్చి, ఈసారి కూర్చోకుండా, ఇంక నా గురించి ఎక్కడా మాట్లాడకండి మేడమ్ అంది, అంతే, తిట్టలేదు, ఏడవలేదు. అప్పటినుంచి నేను మాట్లాడలేదు. ఆమె కోరికను గౌరవిస్తున్నాను అనుకుంటే ఎంత హాయిగా ఉండిందో, ఆ హాయిని చూస్తేనే అనుమానం వచ్చింది. గౌరవం ఇంత హాయిగా ఉండదు, నా అనుభవంలో. ఉద్యోగం పోతుందన్న భయం ఉందా? ఉంది. ఇంకో రెండేళ్ళు చేస్తే గౌరవంగా దిగిపోవచ్చు. అంతకన్నా పెద్ద భయం, పద్నాలుగు మంది ముందు నిలబడి, తెలిసే చేశాను అనడం. ఆ రెండు మాటల కోసం పొద్దున ఎన్ని కాగితాలు చింపానో.

అటెండరు పెన్సిలుతో టిక్కు పెట్టి నాకేసి చూశాడు. ఏడు. అయిపోయింది. జాబితా ఎవరూ చదవలేదు, అర నిమిషం కూడా పట్టలేదు. ఎనిమిదోది ఆడిటోరియం పైకప్పు, రేకులా శ్లాబా అన్నది, దాని మీద ప్రతివాడికీ ఒక అభిప్రాయం ఉంటుంది, కిందటిసారి ముప్పావుగంట కొట్టుకున్నారు. ఎలా వచ్చిందో ఆ ఆలోచన, నేను ఆమెని అడగనే లేదు. ఫారం పెట్టేటప్పుడు అడగలేదు, పట్టికలో వేసేటప్పుడు అడగలేదు, ఉత్తరం రాసేటప్పుడు కూడా అడగలేదు. ఒక్కసారైనా అడగాలి కదా, అదే కదా నేను అందరికీ నేర్పేది, మా గురించి మమ్మల్ని అడగకుండా ఏదీ వద్దని. లేచాను. ఐదు నిమిషాల్లో వస్తానన్నాను. అటెండరు తలుపుకేసి చూసి, నాకేసి చూసి, "త్వరగా రండి మేడమ్" అన్నాడు. రెండంతస్తులు మెట్లు దిగాను, కారిడారు చివరిదాకా దాదాపు పరిగెత్తాను. ఈ వయసులో ఇంత మంచి పని కోసం పరిగెడుతున్నానని నాలో ఒక మూల పొంగిపోతోంది కూడా, సిగ్గులేకపోతే సరి.

ల్యాబులో ఎవరూ లేరు, ఆమె ఒక్కతే సింకు దగ్గర నిలబడి పొడవాటి గాజు బ్యూరెట్లు కడుగుతోంది, కుళాయి ధారగా పడుతోంది. వెనకనుంచి వెళ్ళి పక్కన నిలబడి అంతా చెప్పేశాను, ఆయాసపడుతూ, తప్పు నాదే అని, తెలిసే చేశానని, పైన కౌన్సిల్లో నీ పేరు లేకుండా చెబుతానని, నువ్వు సరే అంటేనే చెబుతానని. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె బ్యూరెట్టు పైకెత్తి వెలుతురులో చూసి, తిరగేసి స్టాండుకి పెట్టి, పక్కకి తిరిగి నన్ను చూసి ఉలిక్కిపడింది. ఒక్క ముక్క వినలేదు. నేను నిలబడింది పూర్తిగా పోయిన చెవి వైపు. ఏ చెవో నాకు గుర్తులేదు. సమానత్వం గారికి గుర్తులేదు. కుళాయి కట్టేసి ఎదురుగా వచ్చి నిలబడి మళ్ళీ చెప్పాను, రెండోసారి మాటలన్నీ కుదించుకుపోయాయి, తెలిసే చేశానన్న మాట రానే లేదు, చెప్పమంటావా వద్దా అన్నది ఒక్కటే మిగిలింది.

ఆమె చేతులు ల్యాబు కోటుకి తుడుచుకుంది, వేలు వేలుగా.

"మొన్న వద్దన్నప్పుడు నాకు ఉద్యోగం ఉంది మేడమ్. ఇప్పుడెందుకు అడుగుతున్నారు? చెప్పమంటే నేను చెప్పమన్నానంటారు. వద్దంటే వద్దన్నానంటారు. ఎలా చూసినా నా మీదే పెడుతున్నారు."

కాదమ్మా అన్నాను. ఆమె నా పెదాలనే చూస్తోంది, ఆ తర్వాత వచ్చే మాట కోసం ఎదురుచూస్తోంది.

"మీరేం చేద్దామనుకున్నారో అది చేసెయ్యండి. నన్ను అడక్కండి" అని కుళాయి తిప్పింది.

ఎక్కేటప్పుడు మెట్లు రెట్టింపయ్యాయి. రెండో అంతస్తు మలుపులో ఆగి రెయిలింగు పట్టుకున్నాను, అప్పుడు తెలిసింది నాకు, అడగడానికి నేను మూడు వారాల్లో ఏ రోజైనా వెళ్ళవచ్చు. పోనీ మూడూ పదికి వెళ్ళవచ్చు. ఏడో అంశం అయిపోయేదాకా ఎందుకు కూర్చున్నాను? ఆమె వద్దు అంటే బాగుండునని వెళ్ళానా? అన్నం తినే మనిషిని, నాకు తెలియదా నేను ఎందుకు వెళ్ళానో. పైకి వచ్చేసరికి కౌన్సిలు గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల కప్పులు, సాసర్ల చప్పుడు. అటెండరు ఎదురొచ్చి, మొహం దించుకుని, పైకప్పు వాయిదా వేశారు మేడమ్, మీది చదివినట్టే అనుకుని ఆమోదించారు, ఏకగ్రీవంగా అన్నాడు. ఐదు నిమిషాలే కదా వెళ్ళాను అన్నాను. పన్నెండయ్యాయి అన్నాడు.

వీసీ గారు నన్ను చూసి చేయి ఊపి, రండమ్మా, ఎక్కడికి పోయారు, మీ పని మేమే పూర్తి చేసేశాం అన్నారు, అందరూ నవ్వారు. నవ్వుతూనే ఉండగా ఫైలు తెరిచాను. నేను కాదేమో తెరిచింది, నా వేళ్ళు. ఉత్తరం తీసి చదవడం మొదలుపెట్టాను, గుమ్మం దగ్గరే నిలబడి. మొదటి రెండు వాక్యాలు కృతజ్ఞతలు అనుకుని ఉంటారు, బిస్కెట్లు నములుతూనే ఉన్నారు, మూడో వాక్యం దగ్గర నమలడం ఆగింది. తెలిసే చేశాను అన్నచోట వరస తప్పింది, మళ్ళీ మొదటినుంచి ఆ వాక్యం చదివాను. పన్నెండూ చదివాను. ఏడో అంశాన్ని మళ్ళీ తెరవమని కౌన్సిలును వేడుకుంటున్నాను, అని ముగించి కాగితం దించాను. కిటికీ దగ్గర కెమిస్ట్రీ హెడ్డు తన కప్పులోకి చూస్తున్నాడు. రిజిస్ట్రారు గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా, మినిట్స్ మూసేశామండీ, సంతకాలు కూడా అయిపోయాయి, తర్వాతి సమావేశానికి రాసివ్వండి, తప్పకుండా చూద్దాం అన్నాడు. వీసీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నేను కదలలేదు. ఉత్తరంలో పేరు రాయలేదు, శాఖ రాయలేదు, ఒక ఉద్యోగిని అని మాత్రమే రాశాను. ఇప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, ఎవరావిడ అని, అడగకుండా ఎలా ఉంటారు, అడిగితే చెప్పను అనాలి, ఆ ఒక్కటైనా ఆమె కోసం గట్టిగా అనాలి అని కాగితం రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఒకరు కప్పు కింద పెట్టారు, ఒకరు సంచీ భుజానికి వేసుకున్నారు, ఇద్దరు నన్ను తప్పుకుని పక్కనుంచి బయటికి వెళ్ళారు. పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా ఎవరావిడ అని అడగలేదు.